నున్నగా ఉందన్న ఫోర్కు

బుజ్జిబాబు అంటే ఏ పలక పట్టుకుని బడికెళ్ళే పిల్లాడో అనుకునేరు. ముప్ఫై ఎనిమిదేళ్ళ మనిషి. తొంభై కిలోల బరువు, గుబురు మీసం, ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో పదహారేళ్ళ సర్వీసు. పురిట్లో మేనత్త ముద్దుగా పిలిచిన పేరునే బళ్ళో మాస్టారు రిజిస్టరులోకి ఎక్కించేశాడు. రైల్వేవాళ్ళు గుర్తింపు కార్డు మీద కూడా అదే అచ్చేశారు. ఇంక రిటైరయ్యే దాకా ఆ పేరు వదలదు.

ఆ బుజ్జిబాబు పోయిన ఫిబ్రవరిలో తన కొండ సైకిలు అమ్మకానికి పెట్టాడు. చక్రాలూ బ్రేకులూ అంతకు ముందే కోల్‌కతా నుంచి ఎవరో వచ్చి కొనుక్కుపోయారు. మిగిలింది ఫ్రేమూ, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కూ. అతనుండే రైల్వే కాలనీ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో అది పెద్ద వార్తే అయింది. పక్క క్వార్టరు వాళ్ళు పరామర్శకి వచ్చినట్టు వచ్చి, "ఏటి బుజ్జీ, నిజంగా అమ్మేస్తన్నావా?" అని గుమ్మంలో నిలబడి అడిగి వెళ్ళారు. అతను వాళ్ళందరికీ ఒకే జవాబు చెప్పాడు. నడుం నొప్పి, వయసయింది, ఇంట్లో గొడవ. చెప్పేటప్పుడు మొహంలో ఏ మార్పూ లేదు. అందుకే ఎవరూ నమ్మలేదు.

ఎలా నమ్ముతారు? ఆ సైకిలు సంగతి తెలియని వాళ్ళు ఆ వీధుల్లో లేరు. అది బజారుకి పనికొచ్చే సైకిలు కాదు. కొండ నెత్తి మీద నుంచి రాళ్ళ మీదుగా దూకుతూ దిగడానికే చేసింది. కొండ ఎక్కడానికి కూడా పనికిరాదు, నెట్టుకుంటూ తీసుకెళ్ళాలి. మరి ఖరగ్‌పూర్‌లో కొండ ఏది అని మీరడుగుతారు. జనం కూడా అదే అడిగి నవ్వేవాళ్ళు. ఊరి పక్క సాలువా క్యాంపులో పోలీసు ఉద్యోగం చేసే నేపాలీ స్నేహితుడొకడు, బుజ్జిబాబుకి పాతికేళ్ళప్పుడు అతన్ని డార్జిలింగ్ పక్కనున్న కాలింపాంగ్ తీసుకెళ్ళి ఒక్కసారి కొండ దింపాడు. అంతే, పిచ్చి పట్టుకుంది. ఏటా రైల్వే పాసు మీద న్యూ జల్‌పాయ్‌గురి దాకా ప్రయాణం, గోనె చుట్టిన సైకిలు బ్రేకు వ్యానులో. మిగతా రోజుల్లో సాలువా అవతల వానకి కోసుకుపోయిన ఎర్రమట్టి గండ్లలో దూకుడు. పెళ్ళయ్యాక ఇందు కూడా ఆపలేకపోయింది. నెల జీతంలో సగం పోసి కొన్నాడా ఫోర్కుని, ఆ నెలంతా ఇంట్లో పప్పుచారే.

అలాంటి మనిషి ఫ్రేముని నీళ్ళతో కడిగి, వరండాలో రెండు ఇటుకల మీద నిలబెట్టి, ఫొటోలు తీసి ఫోన్లో పెట్టేశాడు. బాధపడతాడేమోనని ఇందు వంటింటి తలుపు సందులోంచి చూస్తూ ఉంది. అతను బాధపడలేదు. బాధ వస్తుందేమోనని తానూ కాసేపు చూశాడు. రాలేదు. లోపలికెళ్ళి అన్నం తిన్నాడు.

అసలు సంగతి అతనొక్కడికే తెలుసు. మూడేళ్ళ కిందట కాలింపాంగ్ దగ్గర మలుపులో పడ్డాడు. మెడ పట్టేసింది. నెలలో తగ్గింది కదా అనుకున్నారు అందరూ. ఆ తర్వాత కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ మెల్లిగా మొద్దుబారడం మొదలెట్టాయి. మొదట చీమలు పాకినట్టుండేది. తర్వాత అదీ పోయింది. ఇప్పుడు చొక్కా గుండీ పెట్టుకోవాలంటే కిందికి చూసుకుంటూ పెట్టుకోవాలి. మేదినీపూర్‌లో ఒక ప్రైవేటు డాక్టరు మెడలో నరం నలిగిందన్నాడు. రైల్వే ఆసుపత్రికి పోలేదు. అక్కడికి పోతే కాగితం పుడుతుంది, కాగితం ఫైల్లోకి ఎక్కుతుంది. వేళ్ళకి బ్రేకు తెలియనివాడు కొండ దిగకూడదు గనక సైకిలు ఎక్కడం మానేశాడు. ఎందుకు మానేశావని పదిమందీ అడగడం ఎక్కువయ్యేసరికి ఏకంగా అమ్మేద్దామనుకున్నాడు. ఇంట్లో సైకిలు లేకపోతే ప్రశ్నా ఉండదు.

ఫైల్లోకి ఎక్కితే ఏం పోతుందంటారా? అతని బల్ల పోతుంది. రైలు ఇరుసు చివర తిరిగే బేరింగుల్లో ఉక్కు రోలర్లుంటాయి, బొటనవేలంతవి. వర్క్‌షాపుకి వచ్చిన బేరింగులు విప్పి, కడిగి, ఆ రోలర్లని మిషను మీద కొలుస్తారు. కొలిచాక ఒక బల్ల దగ్గరికొస్తాయి. ఆ బల్ల ముందు కూర్చున్న మనిషి ఒక్కో రోలరునీ బొటనవేలితో నిమిరి చూస్తాడు. కంటికి ఆనని గుంటని వేలు పట్టేస్తుంది. వేలికి తగిలితే పక్కకి, తగలకపోతే లోపలికి. టెక్కలి వైపు నుంచి వచ్చి షాపులో కూలీగా చేరిన అతని తాత ఆ బల్ల సంపాదించాడు. తర్వాత అతని తండ్రి వెంకటరావు ముప్ఫై ఒక్క ఏళ్ళు కూర్చున్నాడు. ఇంజనీర్లు కూడా అనుమానం వచ్చిన ముక్కని జేబులో వేసుకుని వెంకటరావు దగ్గరికి వచ్చేవాళ్ళు. రైల్వేలో బల్లలు వారసత్వంగా రావు. బుజ్జిబాబు పరీక్ష రాసి, పదేళ్ళు వేరే పనులు చేసి, వేలు చూపించుకుని మరీ ఆ బల్ల దగ్గరికొచ్చాడు. ఇప్పుడు ఆ వేలు లేదు. ఏడాదికి పైగా మిషను కొలత చూసి, వెలుతురులో ఒకసారి తిప్పి చూసి, వేలితో ఉత్తుత్తినే నిమిరి లోపలికి తోసేస్తున్నాడు.

భయం లేదా అంటే, మొదట్లో ఉండేది. రోజూ ఉండేసరికి అదీ మొద్దుబారింది.

సైకిలు కోసం ముందు ఫోను చేసింది ఏంజలిన్. ఊళ్ళోనే ఖరిదాలో ఉండే సూసన్నమ్మ కూతురు. కాలేజీ రోజుల్లో బుజ్జిబాబు వెనకాల సాలువా గండ్లకి వెళ్ళి, పళ్ళు రాలగొట్టుకునేంత పని చేసి, ఆఖరికి అతని కంటే బాగా దిగడం నేర్చుకుంది. ఇప్పుడు కాలింపాంగ్‌లో ఉద్యోగం. సైకిళ్ళ మీద కొండ దిగడానికి వచ్చేవాళ్ళకి దారి చూపిస్తుంది.

"అన్నా, ఫ్రేము ఫొటోలో బాగానే ఉంది. ఫోర్కు సంగతి సెప్పు. పై గొట్టాలు రెండూ ఎలాగున్నాయి? గోరు ఎట్టి పైనించి కిందికి ఓసారి లాగు. ఎక్కడైనా తగిలిందంటే నాకొద్దు."

ఫోర్కులో తళతళలాడుతూ పైకీ కిందికీ జారే గొట్టాలవి. వాటి మీద వెంట్రుకంత గీత పడినా లోపలున్న రబ్బరు సీలు కోసుకుపోతుంది, ఆయిలు కారిపోతుంది. బుజ్జిబాబు ఫోను పక్కన పెట్టి, వరండాలోకి వెళ్ళి, గోరు పెట్టి రెండు గొట్టాలూ లాగాడు. రోజూ షాపులో చేసే పనే. వేలు జారింది. ఏమీ తగల్లేదు.

"నున్నగా ఉందమ్మా."

"నువ్వు సెప్పినాక ఇంకేటి! మీ ఇంటి వేలు కదా. ఆదివారం వొస్తన్నాను, ఎవరికీ ఇవ్వకు."

పాపం, అతను అబద్ధం చెప్పలేదు. తన వేలికి ఏమీ తెలియదన్న సంగతి, ఇన్నేళ్ళ అలవాటులో, ఆ ఒక్క నిమిషం అతనికే గుర్తులేదు.

ఆదివారం పొద్దున్నే ఏంజలిన్ టోటో అనే బ్యాటరీ రిక్షా దిగింది. చేతిలో వాళ్ళమ్మ పంపిన కేకు ముక్కలు. వరండాలో మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తున్న వెంకటరావుకి, "తాతా, బాగున్నావా?" అని ఒక ముక్క పెట్టింది. ఫ్రేము ముందు కూర్చుని ప్రతి అతుకూ చూసింది. అటు ఊపింది, ఇటు ఊపింది. "సక్కగా సూసుకున్నావన్నా," అంది. తర్వాత ఫోర్కు ఒళ్ళో పెట్టుకుని గోరు లాగింది. మొదటి గొట్టం అయింది. రెండో గొట్టం మీద, సగానికి కాస్త కింద, గోరు టక్కున ఆగింది.

మళ్ళీ లాగింది. మళ్ళీ అక్కడే ఆగింది.

"అన్నా, ఇదేటి?"

బుజ్జిబాబు వంగి చూశాడు. కంటికేమీ కనపడలేదు. వెలుతురుకి ఏటవాలుగా తిప్పితే అప్పుడు కనపడింది, సన్నటి గీత.

"గోరు ఎట్టి లాగినానన్నావు కదా ఫోన్లో. లాగినావా, ఊరికే సెప్పినావా?"

"లాగినాను."

"లాగితే ఇది తగల్లేదేటి? ఇంత గీత! సిన్నపిల్లకైనా తెలుస్తాది."

ఇదిగో, ఇక్కడ చిక్కుకున్నాడు మన బుజ్జిబాబు. తగల్లేదంటే ఎందుకు తగల్లేదో చెప్పాలి. అది చెబితే సాయంత్రానికి ఖరిదా అంతా, రేపటికి షాపంతా పాకుతుంది. చెప్పకపోతే ఒక్కటే దారి మిగిలింది. ఆలోచించినట్టు కూడా లేదు, నోట్లోంచి వచ్చేసింది.

"తెలుసు. గీత ఉందని తెలుసు. సెప్తే నువ్వు తీసుకోవని సెప్పనేదు."

ఏంజలిన్ అతని మొహంకేసి చూస్తూ ఉండిపోయింది. నవ్వుతాడేమోనని, వేళాకోళం అంటాడేమోనని ఎదురుచూసింది. అతను నవ్వలేదు.

"ఈ ఫోర్కుతో నేను కొండ దిగాలి అన్నా," అంది గొంతు తగ్గించి. "మలుపులో ఇది కూలబడిపోతే నా మెడ ఇరిగిపోతాది. నీకు తెలీదేటి? ఎవరికి తెలీకపోయినా నీకు తెలీదేటి? ఛీ!" ఫోర్కుని నేల మీద పెట్టింది. అంత కోపంలోనూ విసిరెయ్యలేదు, మెల్లిగానే పెట్టింది. వెంకటరావుకి కూడా చెప్పకుండా గేటు తీసుకుని వెళ్ళిపోయింది.

బుజ్జిబాబుకి సిగ్గు రావాలి. ఎవరో పక్కింటివాళ్ళ గొడవ వింటున్నట్టుంది తప్ప ఏమీ రాలేదు. గుట్టు దక్కింది కదా అనుకున్నాడు. ఫోర్కు తీసి లోపల పెట్టబోయాడు.

"ఒరే, ఇలా రా." చిక్కుడుకాయల చేట పక్కకి జరిపాడు వెంకటరావు. "ఆ గీత ఎక్కడుందో నాకు సూపించు."

"ఏటిప్పుడు నాన్నా..."

"సూపించమన్నాను."

బుజ్జిబాబు తండ్రి కాళ్ళ దగ్గర గొంతుక్కూర్చుని బొటనవేలితో గొట్టం నిమిరాడు. పైనుంచి కింది దాకా వెళ్ళిపోయింది వేలు. మళ్ళీ కింది నుంచి పైకి. ఏటవాలుగా చూడబోయేసరికి ముసలాయన అరచేత్తో కొడుకు కళ్ళు మూసేశాడు. మణికట్టు పట్టుకుని ఆ వేలిని తీసుకెళ్ళి ఒక చోట ఆపాడు.

"దాని మీదే ఎట్టినాను. ఉందా?"

బుజ్జిబాబు వేలు అక్కడే అటూ ఇటూ కదిపి చూశాడు.

"ఎన్నాళ్ళయ్యింది?"

"ఏడాది దాటింది."

వెంకటరావు చెయ్యి తీసేశాడు. కళ్ళు తెరిచేసరికి తండ్రి మొహం చూడబుద్ధి కాలేదు అతనికి. గుమ్మంలో ఇందు నిలబడి ఉంది, చేతుల నిండా పిండి.

"అందుకా?" అంది ఇందు. "నా సెయ్యి మీ సేతిలో ఎడితే మీరు తిరిగి పట్టుకోరు. ఏడాదిగా సూస్తన్నాను. నా మీద మనసిరిగిపోయిందనుకున్నాను. ఎవరికి సెప్పుకోను? స్నానాల గదిలో తలుపేసుకుని ఏడ్సినాను, తెలుసేటి మీకు?"

"పట్టుకున్నావని తెలీనేదు ఇందూ," అన్నాడు. నిజంగా తెలియలేదు. పట్టుకుందని ఇప్పుడు చెబితే తెలిసింది.

ఆమె గుమ్మానికి ఆనుకుని ఏడ్చింది. ఆమె ఏడుపు ఆగాక ముసలాయన, "మరి రోలర్లు?" అన్నాడు.

"సూసి పాస్ సేస్తన్నాను. మిషిను కొలత ఉంది కదా."

"మిషినే సాలితే ఆ బల్ల కాడ మనిషెందుకురా?" అరిచాడు వెంకటరావు. ఆ అరుపు వీధిలోకి వినపడిందేమోనని తనే భయపడి గొంతు దించాడు. తర్వాత ఆయన అన్న మాట బుజ్జిబాబు ఎదురుచూసింది కాదు. "సరే. రేపే ఎల్లి వేరే సెక్షన్ అడుగు. నడుం నొప్పని రాయి. వేలి సంగతి మటుకు బయటికి రానీకు. మీ తాత పేరు, నా పేరు ఉన్నాయి ఆ బల్ల మీద. వెంకటరావు కొడుకు సచ్చిన వేలితో ఏడాదిపాటు అందర్నీ మోసం సేసినాడని షాపులో సెప్పుకోకూడదు."

"నడుం నొప్పని రాస్తే, ఇప్పుడు షాపులో ఉన్న రోలర్లు మళ్ళీ ఎవుడూ సూడడు నాన్నా."

వెంకటరావు లేచి లోపలికెళ్ళి గోడకేసి తిరిగి పడుకున్నాడు. ఆ మధ్యాహ్నం ఆయన అన్నం తినలేదు.

సాయంత్రం బుజ్జిబాబు ఫ్రేమూ ఫోర్కూ సైకిలు రిక్షాలో వేసుకుని ఖరిదా వెళ్ళాడు. సూసన్నమ్మ తలుపు తీసి మొహం ముడుచుకుంది. కూతురు చెప్పేసినట్టుంది. లోపలి నుంచి ఏంజలిన్ వచ్చి చేతులు కట్టుకుని నిలబడింది.

"నిన్ను మోసం సెయ్యనేదమ్మా," అన్నాడు. "గీత ఉందని నాకు తెలీదు. తెలుసన్నదే అబద్ధం. నాకు వేలు పనిసెయ్యదు."

ఆమెకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక పొద్దుటి కంటే ఎక్కువ కోప్పడింది. "బుర్ర ఉందేటన్నా నీకు? దొంగననిపించుకుంటావు గాని బాగోనేదని సెప్పవా? పొద్దున్న నుంచి మా అమ్మ సేత నిన్ను తిట్టిస్తన్నాను నేను!" సూసన్నమ్మ తెల్లబోయి, అప్పుడు గాని కుర్చీ వెయ్యలేదు. ఆ గొట్టం మార్చే మనిషి కాలింపాంగ్‌లో ఉన్నాడట. ఫ్రేమూ ఫోర్కూ రెండూ తీసుకుంటానంది. ఎంతకి తీసుకుందో మనకి అనవసరం. పదమూడేళ్ళ పిచ్చి ఆ ఇంటి గోడకి ఆనించి, టీ తాగి, చేతులూపుకుంటూ నడిచి వచ్చాడు. ఇప్పుడైనా బాధ వస్తుందనుకున్నాడు. గేటు దాకా వచ్చేసరికి రేపు సెక్షన్ ఇంజనీరుకి ఏ మాటతో మొదలెట్టాలా అన్నదే మనసులో ఉంది.

ఏ మాటతో మొదలెట్టినా ఇంజనీరు నమ్మలేదు. బెంగాలీ పెద్దమనిషి, చెడ్డవాడేం కాదు. కుర్చీ ఉద్యోగం కోసం కాళ్ళు లాగుతున్నాయని, కళ్ళు తిరుగుతున్నాయని వచ్చేవాళ్ళని ఎందర్నో చూశాడు. నీ చెయ్యి పోవడమేమిటి దాదా, ఈ సెక్షన్‌లో నీ చెయ్యే కదా చెయ్యి, అని నవ్వాడు. బుజ్జిబాబు వాదించలేదు. పక్కన పారేసిన రోలర్ల డబ్బాలోంచి ఒకటి, మంచివాటిలోంచి ఒకటి తెప్పించుకుని, కళ్ళు మూసుకుని, వీపు వెనక పెట్టుకుని, "ఏది ఏదో తెలీదు సార్. నిజంగా తెలీదు," అన్నాడు. మూడుసార్లు మార్చి ఇచ్చారు. మూడుసార్లూ తెలియదనే చెప్పాడు. ఇంజనీరు నవ్వు ఆగింది. షాపులో ఉన్న రోలర్లన్నీ మళ్ళీ చూడమన్నాడు. బయటికి వెళ్ళిపోయిన వాటి నంబర్లు తీయించి, వాటికీ కబురు పంపాడు. ఎక్కడా తప్పు తేలలేదు. అది అతని అదృష్టం, అంతకన్నా ఇంకేం లేదు.

తర్వాత ఆసుపత్రి, సూదులు, కాగితాలు. ఆ కాగితం చివర అతను పాత పనికి పనికిరాడనీ, వేరే పని చూపించాలనీ ఉంది. కాంటీన్‌లో కొందరు మాటలు ఆపేశారు అతను వస్తే. కొందరు భుజం తట్టారు. వెంకటరావు నాలుగు రోజులు కొడుకుతో మాట్లాడలేదు. ఐదో రోజు, "ఆ సేత్తో సలాకీ పట్టుకోకు, కాలినా తెలీదు," అన్నాడు. అంతే అన్నాడు.

వేరే పని దొరికేదాకా ఒక వారం, బల్లకి వచ్చిన కొత్త మనిషి పక్కన కూర్చుని నేర్పమన్నారు. హైమవతి అని, ఇరవై ఆరేళ్ళ తెలుగమ్మాయి. ఎన్నో ఏళ్ళుగా అతను కూర్చున్న స్టూలు మీద ఆమె కూర్చుంది. అతను పక్కనొక పెట్టె బోర్లించుకున్నాడు. మొదటి రోజు ఆమె ఎన్ని నిమిరినా ఏమీ దొరకలేదు.

"తగిలితే ఎలాగుంటాదన్నా?" అని అడిగింది.

ఎలా ఉంటుంది? అతనికి ఎవరూ మాటల్లో చెప్పలేదు. అతనెవరికీ చెప్పలేదు. చెప్పబోయి, ఏం గుర్తుందా అని వెతుక్కుంటే ఏమీ దొరకలేదు. "నొక్కకు. కళ్ళు మూసుకో. మెల్లిగా రానీ," అని మాత్రం అన్నాడు.

మూడో రోజు పొద్దున్న, పారేసిన రోలరొకటి తిప్పుతూ తిప్పుతూ హైమవతి వేలు ఆగిపోయింది. "ఆఁ! ఉందన్నా. దొరికింది. ఇక్కడ!"

"ఏటుంది? సెప్పు."

"సిన్న గుంట. ఆవగింజ రాలిపోయినట్టు."

"అంచు?"

"ఒక పక్క గరుగ్గా ఉంది. గీసుకునేటట్టుంది. రెండో పక్క ఏటీ నేదు."

"దాని సుట్టూ?"

ఇదేం పరీక్షో ఆమెకి తెలియలేదు. కళ్ళు మూసుకునే మళ్ళీ నిమిరింది. "సుట్టూ బాగుందన్నా. ఆయిలు జిడ్డుంది. సల్లగా ఉంది."

"సల్లగా ఉందా?" అన్నాడు బుజ్జిబాబు. పొద్దున్నే ఫ్యాన్లు వెయ్యకముందు చేతిలోకి తీసుకున్న ఉక్కు చల్లగా ఉంటుందన్న సంగతే మరిచిపోయాడతను. అది కూడా పోయిందని ఇప్పటిదాకా లెక్కలో వేసుకోలేదు. మీసం మీదికి నీళ్ళు కారిపోతుంటే మోచేత్తో తుడుచుకున్నాడు. ఆమె కళ్ళు ఇంకా మూసుకునే ఉన్నాయి.

"ఇంకోటి తియ్యమ్మా," అన్నాడు. "అది కూడా ఎలాగుందో సెప్పు."